మెరక తోలక ముందు ఒక్క వారం
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  మా హాస్టల్ ఆడపిల్లలు ఇప్పుడే మీ ముందు ఆడి వచ్చి ఆ మూల కూర్చున్నారు. వాళ్లకు చప్పట్లు కొట్టారు, సంతోషం. కానీ ఈ మాటల్లో సగం వాళ్లవే కాబట్టి ఆ చప్పట్లు కొన్ని ఇప్పటికి కూడా దాచి ఉంచండి.

మొదటే ఒక మాట. మేము ‘మేము’ అనే మాట్లాడతాం. మేము అంటే వార్డెను, ఇద్దరు వంటవాళ్లు, ఒక వాచ్‌మన్, తొంభైమంది ఆడపిల్లలు. సుగాలి పిల్లలు, యానాది పిల్లలు, ఎరుకల పిల్లలు, నల్లమల అంచు నుంచి వచ్చిన చెంచు పిల్లలు నలుగురైదుగురు. ఈ పని ఏ ఒక్కరిదీ కాదు. తప్పు జరిగినచోట కూడా అందరం కలిసే చేశాం.

గిరిజన సంస్కృతి పరిరక్షణ మీద మాట్లాడమన్నారు. ప్రతి ఏటా ఈ మాట కింద మనం పాట, ఆట, బట్ట, అద్దాల పని, డప్పు, విల్లంబు గురించి చెప్పుకుంటున్నాం. అవన్నీ చెప్పుకోవలసినవే. ఈసారి మట్టి గురించి చెబుతాం. ఇళ్ల స్థలాల కోసం చదును చేసిన ఒక దిబ్బ గురించి.

మా హాస్టల్ ఉన్నది నల్లరేగడి నేలలో. అటు పత్తి, ఇటు మిరప. సంక్రాంతి దాటాక మా పిల్లల అమ్మానాన్నలు మిరప కోతలకు వెళితే ఉగాది దాటినా ఇంటికి రారు. అప్పుడు ఆదివారాలు పిల్లలకు ఇంటికి పోయే దారి లేదు. వాళ్లను హాస్టల్‌లో కూర్చోబెడితే గోల, బయటికి తీసుకెళితే భయం. ఏదైనా మంచిదని మేము ఊరి వెనక డొంకదారి వెంబడి నడిపిస్తాం. ఆ డొంక చివర, మా హాస్టల్‌కు రెండు మైళ్లలో, వాగు ఒడ్డున ఉంది ఆ దిబ్బ. ఉంది అంటున్నాం, ఉండేది అనాలి.

ఊరివాళ్లు దాన్ని పాటిదిబ్బ అంటారు. మన జిల్లాల్లో పాటి అనే మాట తెలియని రైతు లేడు. పాత ఊరు ఉండి పోయిన చోటు పాటి. అక్కడి మన్ను పాటిమన్ను. వందల ఏళ్లు మనుషులు బతికిన చోట బూడిద, పేడ, ఎముక, తిని పారేసిన గింజ అన్నీ మట్టిలో కలిసి ఉంటాయి కాబట్టి ఆ మన్ను చేలకు బలం. అందుకే ఎండాకాలం వచ్చిందంటే ట్రాక్టర్లు పెట్టి పాటిమన్ను తోలుకుపోతారు. మిరప నాటే ముందు ఒక ఎకరానికి నాలుగు ట్రక్కులు పడితే ఎరువు ఖర్చు తగ్గుతుందని లెక్క. ఇందులో రైతును తప్పుపట్టే నోరు మాకు లేదు. మా హాస్టల్ వెనక బెండ, గోంగూర, ఆనప పాదులకు మూడేళ్ల క్రితం రెండు ట్రక్కులు తోలించుకున్నది మేమే. ఆ దిబ్బలోదే. కలుపు తీసేటప్పుడు పిల్లలకు కుండ పెంకులు తగిలేవి. గుచ్చుకుంటాయని ఏరి గోడ అవతల పారేయించాం. టీచర్ ట్రైనింగ్‌లో సాంఘిక శాస్త్రం బోధన పద్ధతులు చదివి, స్థానిక చరిత్ర వనరులు అనే ప్రశ్నకు పది మార్కుల జవాబు రాసి వచ్చినవాళ్లం కూడా పారేయించాం. పుస్తకంలో ఉన్నది పాదులో కనపడలేదు.

కనపడింది తొమ్మిదో తరగతి పిల్లకు. యానాది పిల్ల. వాళ్ల నాయన చేపలు పడతాడు. ఒక పెంకు తెచ్చి, “మేడమ్, ఇది లోపల నలుపు, బయట ఎరుపు ఉంది. మా ఇంట్లో కుండ మాడితే బయట నలుపు అవుతుంది, లోపల కాదు. ఇది ఎట్లా అయింది?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. పట్నంలో రిటైరైన చరిత్ర లెక్చరర్ ఒకాయనకు ఫోన్‌లో ఫొటో పంపాం. నలుపు, ఎరుపు కలిసిన ఆ తరహా కుండలు ఇనుము వాడకం మొదలైన కాలం నుంచి శాతవాహనుల కాలం దాకా మన ప్రాంతంలో విరివిగా దొరుకుతాయనీ, కుండను బోర్లించి కాల్చడం వల్ల గాలి తగలక లోపల నల్లబడుతుందనీ చెప్పారు. ఒక్క పెంకుతో కాలం చెప్పలేమని కూడా గట్టిగా చెప్పారు. ఆ రెండో మాట మాకు నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పే మేస్టర్లు తక్కువ.

అది జరిగిన రెండు నెలలకు ఆ దిబ్బ ఇళ్ల స్థలాల లేఅవుట్‌లోకి వచ్చిందని తెలిసింది.

ఇక్కడ ఆగి మీకొకటి చెప్పాలి. ఆ లేఅవుట్ ఎవరికోసం? మనవాళ్ల కోసమే. వాగు పక్కన పాకల్లో ఉంటున్న యానాది కుటుంబాలు, ఊరి చివర ఎరుకల కుటుంబాలు, ఇంకా కొందరు పేదలు. వాన కాలం వాగు పొంగితే ఆ పాకల్లో మోకాలి లోతు నీళ్లు. పామును చూసి పిల్లలు మంచం మీదే పొద్దుదాకా కూర్చున్న రాత్రులు ఉన్నాయి. పట్టా చేతికి వచ్చి కూడా రెండేళ్లు నడుస్తోంది, స్థలం చూపించింది లేదు. పల్లంలో ఇచ్చిన స్థలానికి మెరక తోలాలంటే ఖర్చు; దిబ్బను చదును చేస్తే మెరకకు మెరక, స్థలానికి స్థలం. లెక్క ప్రకారం చూస్తే ఎవరైనా అదే చేస్తారు. కాబట్టి ఇది చెడ్డవాళ్లకూ మంచివాళ్లకూ మధ్య కథ కాదు. మా పెంకు అడిగిన పిల్ల ఉందే, ఆ అమ్మాయి వాళ్ల అమ్మ పేరు కూడా ఆ పట్టాల జాబితాలో ఉంది.

ఇళ్ల కోసం పాతదాన్ని తవ్వుకోవడం మన నేలలో కొత్త సంగతి కాదు. అమరావతి మహాస్తూపం కథే అది. 1790లలో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసం కృష్ణ ఒడ్డున అమరావతికి మార్చి కొత్త పట్టణం కట్టించాడు. ఇళ్లకు, కట్టడాలకు రాయీ ఇటుకా కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ. తవ్వితే చలువరాతి పలకలు వస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్లు ఎత్తుకుపోయారు. కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడలయ్యాయి, కొన్ని సున్నపు బట్టీలో కాలాయి. 1797లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి ఆ సంగతి విని వచ్చి చూశాడు. మళ్లీ 1816లో మనుషుల్ని వెంటబెట్టుకొని వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువుగా తవ్వి ఉంది. ఉన్నవాటికి బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడి నుంచి కొన్ని లండన్‌కు వెళ్లాయి. ఇవాళ అమరావతి స్తూపం చూడాలంటే కొంత చెన్నైలో, కొంత బ్రిటిష్ మ్యూజియంలో, కొంత అమరావతిలో చూడాలి. ఏ పలక ఎక్కడ నిలబడి ఉండేదో పండితులు ఇప్పటికీ బొమ్మలు పక్కపక్కన పెట్టి వెతుక్కుంటున్నారు. తీసే ముందు ఒక్కసారి కొలిచి రాసుకొని ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు. భట్టిప్రోలులో కూడా స్తూపం ఇటుకలు రోడ్డు పనులకు, రాళ్లు కాలవ పనులకు పోయాక మిగిలినదాన్నే 1892లో అలెగ్జాండర్ రీ తవ్వాడు. ఆ మిగిలినదాంట్లోనే అక్షరాలు చెక్కిన ధాతు పేటికలు దొరికాయి. మొదట పోయినదాంట్లో ఏముందో ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

ఈ అమరావతి కథకు ఇంకో ముక్క ఉంది. చరిత్ర పాఠాల్లో దాన్ని మింగేస్తారు. ఈ సభలో మింగడం కుదరదు. అమరావతికి దగ్గర్లోనే నరుకుళ్లపాడు అనే ఊరుంది. ఆ పేరు ఎట్లా వచ్చిందో ఆ చుట్టుపక్కల ముసలివాళ్లను అడగండి. ఊళ్లమీద పడి దోచుకుంటున్నారని చెంచుల మీద కోపంతో ఈ వెంకటాద్రి నాయుడే వాళ్లను విందుకు పిలిపించి, వచ్చినవాళ్లను వచ్చినట్లు వరసగా నరికించాడని, అందుకే ఆ ఊరు నరుకుళ్లపాడు అయిందని చెబుతారు. ఎంతమంది అన్న లెక్క మాత్రం చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. ఆ తర్వాత ఆయనకు అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగుల్లా కనపడేవని, ఆ పాపం పోగొట్టుకోవడానికే అమరేశ్వరుడి సన్నిధికి వచ్చి పట్టణం కట్టుకున్నాడని కథ. కథ కథే, శాసనం కాదు. కానీ ఒక్కసారి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చెంచుల నెత్తురు కడుక్కోవడానికి కట్టిన ఊరు, ఆ ఊరి ఇళ్ల కోసం పెకలించిన స్తూపం. పెకలించిన రాళ్లకు మ్యూజియాలున్నాయి, పుస్తకాలున్నాయి. నరికిన మనుషులకు ఒక ఊరి పేరు మిగిలింది. మా హాస్టల్‌లో ఉన్న చెంచు పిల్లలకు ఈ కథ చెప్పాలా వద్దా అని మేము చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. చివరికి చెప్పాం. ఒక పిల్ల, “అయితే ఆ ఊళ్లో తవ్వి చూశారా మేడమ్?” అని అడిగింది. మేము ఎదురుచూసిన ప్రశ్న అది కాదు. ఏడుస్తుందేమో అనుకున్నాం.

సరే, ఇళ్లు కట్టడానికీ ఆనకట్ట కట్టడానికీ ముందే చూసుకొని, రాసుకొని చేసిన సందర్భం కూడా మన పల్నాడులోనే ఉంది. నాగార్జునకొండ. ఆ లోయలో ఏదో ఉందని లోకానికి తెలియడానికి మూలం ఒక బడిపంతులు, సూరపరాజు వెంకటరామయ్య గారు. ఒక పాత స్తంభం చూసి పైవాళ్లకు తెలియజేశారు. 1926లో శాసనాల శాఖ నుంచి సరస్వతి గారు వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. ఆ తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్ట మాట వచ్చింది. లోయంతా మునుగుతుందని తేలింది. అప్పుడు 1954లో కేంద్ర పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వడం మొదలుపెట్టింది. తేదీలు చూడండి. నెహ్రూ గారు ఆనకట్టకు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. తవ్వకం అంతకు ముందే మొదలైంది. 1960 దాకా ఆరేళ్లు సాగింది. వందకు పైగా చోట్ల తవ్వారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, గుళ్లు, కోట, స్నానఘట్టం, మెట్లమెట్లుగా కూర్చునే రంగస్థలం బయటపడ్డాయి. తొమ్మిది కట్టడాలను రాయి రాయి విప్పి తీసుకెళ్లి కొండమీద మళ్లీ కట్టారు. మరికొన్నిటికి నమూనాలు కట్టించారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల నడుమ దీవి. మన పిల్లలు లాంచీ ఎక్కి చూసి వచ్చేది దాన్నే. ఇందిరాగాంధీ గారు కాలవలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఆ నీళ్లే ఈనాడు మన మిరపకూ పత్తికీ పారుతున్నాయి. ఆనకట్ట ఆగలేదు. తవ్వకమూ ఆగలేదు. రెండూ జరిగాయి. ఇల్లా, దిబ్బా అని తగువు పెట్టేవాళ్లకు మేము ఇదే చూపిస్తాం.

అక్కడి శాసనాల్లో ఆడవాళ్ల పేర్లు ఎన్నో. మహాచైత్యం కట్టించింది రాజు కాదు, రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక కట్టించినవీ ఉన్నాయి. మా పిల్లలకు ఇది చెబితే, ఆడవాళ్లు రాళ్లమీద పేర్లు రాయించుకున్నారా అని ఆశ్చర్యపోయారు. మా అందరి పేర్లూ ఇంకా బియ్యం స్టాకు రిజిస్టరు దాటలేదు మరి.

మాకు నాగార్జునకొండలో అన్నిటికంటే పట్టుకున్నది మాత్రం చాంతిసిరి కాదు. రాతి కట్టడాలకంటే వేల ఏళ్ల ముందటి కొత్త రాతియుగపు గుంతలు. ఆ లోయలో మనుషులు నేలలో గుంత తీసుకొని, చుట్టూ గుంజలు పాతుకొని, పైన కప్పు వేసుకొని బతికారు. ఆ ఇంట్లో ఇప్పుడు ఏముంటుంది? గోడ లేదు, కప్పు లేదు. గుంజ పాతిన చోట కట్టె కుళ్లిపోయి, ఆ బెజ్జం వేరే రంగు మట్టితో నిండి ఉంటుంది. తవ్వేవాడు నెమ్మదిగా చెక్కితే ఎర్ర మట్టిలో నల్ల బొట్టులా కనపడుతుంది. అట్లాంటి బొట్లు గుండ్రంగా వరసగా ఉంటే అది ఇల్లు. అంతే. అది చూడాలంటే చేతిలో తాపీ ఉండాలి, కంట్లో ఓపిక ఉండాలి. పొక్లెయిన్ బకెట్టు ఒక్క విసురుకు ఇల్లు కాదు, ఊరు పోతుంది. నడిపేవాడికి తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు మన సంగతి ఆలోచించండి. చెంచు గుడిసె ఎట్లా ఉంటుంది? గుండ్రంగా, తడికె గోడ, గడ్డి కప్పు, నడుమ నిట్రాడు. పెంట ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారితే ఏం మిగులుతుంది? గుంజల బెజ్జాలు, పొయ్యి బూడిద. తాండా ఎత్తేస్తే ఏం మిగులుతుంది? యానాది పాక వాగులో పోతే? మన తాతముత్తాతలు రాయితో కట్టలేదు. రాయిమీద రాయించలేదు. రాజుల కోట దిబ్బ అయినా ఇటుక తగిలి పొక్లెయిన్‌వాడికి టక్కుమని శబ్దం వినపడుతుంది. మనవాళ్ల ఇల్లు శబ్దం చేయదు. కాబట్టి కట్టడానికి ముందు చూడడం అనే పద్ధతి అందరికంటే ఎక్కువ అవసరం మనకే. ఈ మాట చెప్పడానికే మేము ఇంత దూరం వచ్చాం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. దొరికిన ప్రతి గుంతా మన తాతల ఇల్లే అని చంకలు గుద్దుకోకూడదు. నాగార్జునకొండ గుంతల్లో ఉన్నవాళ్లు ఈనాటి ఏ కులానికి, ఏ తెగకు తాతలో చెప్పే రుజువు లేదు. గిద్దలూరు దగ్గర పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి, 1952లోనే సౌందరరాజన్ గారు వాటి మీద వ్యాసం రాశారు. గిద్దలూరు నల్లమల కిందే కదా అని చెంచుల ఖాతాలో వేసేస్తే అది చరిత్ర కాదు, సరదా. మొదట చూడాలి, కొలవాలి. ఎవరిదన్నది తర్వాత.

చట్టం ఏమంటుంది అని మా పిల్లలు అడిగారు. 1958 కేంద్ర చట్టం ఉంది. 2010లో దాన్ని సవరించి, రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల దాకా కట్టడాలు నిషేధం, ఆపైన రెండు వందల మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి అన్నారు. మన రాష్ట్రానికి 1960 చట్టం వేరే ఉంది. బాగుంది. కానీ ఇదంతా జాబితాలో ఎక్కిన వాటికి. డొంక చివర పాటిదిబ్బ ఏ జాబితాలో ఉంది? దానికి వంద మీటర్లు కాదు, వంద అంగుళాలు కూడా లేవు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం మాత్రం అందరికీ వర్తిస్తుంది. భూమిలో పది రూపాయల విలువ దాటిన పాత వస్తువు దొరికితే కలెక్టరుకు చెప్పాలి. లండన్‌లో 1989లో ఆఫీసు భవనానికి పునాది తీస్తుంటే షేక్‌స్పియర్ కాలం నాటి రోజ్ నాటకశాల బయటపడి పెద్ద గొడవ అయింది. ఆ మరుసటి ఏడాదే అక్కడ నిబంధన పెట్టారు: కట్టేవాడు అనుమతి అడిగేటప్పుడే నేలలో ఏముందో చూపించుకోవాలి, ఆ ఖర్చు కూడా కట్టేవాడే ప్రధానంగా భరించాలి. జపాన్‌లోనూ కట్టేవాళ్ల చేతే పెట్టిస్తారు. మన దగ్గర ఇళ్ల స్థలాల అంచనాలో మెరకకు లెక్క ఉంటుంది, డ్రైనేజీకి ఉంటుంది, రోడ్డుకు ఉంటుంది. దిబ్బను చూడటానికి ఒక్క పైసా ఉండదు.

మా దిబ్బ దగ్గరికి వస్తాం. మేము ఒక ఉత్తరం రాశాం. ఒక కార్యాలయంలో ఇస్తే ఇది మా పరిధి కాదన్నారు. వాళ్లు చెప్పినచోట ఇస్తే తీసుకొని ముద్ర వేశారు. ముద్ర అయితే చాలా అందంగా పడింది. నెల గడిచింది. ఈలోగా మేము ఉత్తరం పెట్టామని ఊళ్లో పొక్కింది. దిబ్బలో లంకెబిందెలు ఉన్నాయట, హాస్టల్ మేడమ్‌కు తెలిసిందట అని పుకారు లేచింది. రెండు రాత్రుల్లో నిమ్మకాయలు, కుంకుమ, నల్లకోడి ఈకలు, మనిషి లోతు గుంతలు రెండు. చరిత్ర కాపాడబోయి దొంగలకు దారి చూపించిన వాళ్లమయ్యాం. దాచిపెట్టి కాపాడలేం, చెప్పి కాపాడలేం. ఈ ముడి ఎట్లా విప్పాలో మాకు ఇప్పటికీ తెలియదు. తవ్వి బయట పెట్టినా భద్రం లేదని ప్రకాశం జిల్లావాళ్లకు తెలుసు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం మహాస్తూపాన్ని 1970లలో తవ్వారు. అక్కడ ఉంచిన శిల్పాలు దొంగలపాలయ్యాయి. వాటిలో బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల పలక ఒకటి 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొన్నది. దొంగసొత్తని తేలాక 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చారు. దోనకొండ పక్క పల్లె నుంచి కాన్‌బెర్రా దాకా పోయి వచ్చింది ఆ రాయి.

పుకారు తర్వాత వాగు పక్క పాకల నుంచి ఆడవాళ్లు ఐదారుగురు హాస్టల్‌కు వచ్చారు. గేటు దగ్గరే నిలబడ్డారు. పెంకు పిల్ల వాళ్లమ్మ కూడా ఉంది. “అమ్మా, నీ పెంకుల కోసం మా ఇల్లు ఆపుతావా? నీకు పైన శ్లాబు ఉంది” అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. లోపలికి పిలిచి టీ ఇచ్చాం. ఆపమనడం లేదక్కా, మెరక తోలక ముందు ఒక్క వారం చూడనివ్వమంటున్నాం అన్నాం. “వారం అని రెండేళ్లు చేస్తారు” అంది ఇంకొకామె. ఆమె అన్నది తప్పు కాదు. పేదవాడి పనిలో వారం ఎప్పుడూ వారం కాదు. తనిఖీకి వచ్చినవాళ్లు ఫలానా తేదీలోగా తేల్చాలి, తేల్చకపోతే పని సాగాలి అని రాసి ఉండని ఏ నిబంధన వచ్చినా అది మనవాళ్ల నెత్తిమీదే పడుతుంది. సంఘం పెద్దలు ఎప్పుడైనా దీని మీద అర్జీ రాస్తే ఆ ఒక్క ముక్క మర్చిపోవద్దని మా మనవి.

చివరికి ఆ లెక్చరర్ గారే ఒక ఆదివారం మోటారు సైకిలు మీద వచ్చారు. తవ్వడానికి మనకు అనుమతి లేదు, తవ్వకూడదు, పైన చూడవచ్చు అన్నారు. పురికొస బంతి తెచ్చి దిబ్బమీద గళ్లు గీశారు. తొక్కుడుబిళ్ల గళ్లలాగా. ఒక్కో గడికి ఇద్దరు పిల్లలు. ఆ గడిలో పైన కనపడే పెంకు, పూస, రాయి ఏరి ఒక కవరు. కవరు మీద గడి నంబరు. అది ఎందుకో మొదట అర్థం కాలేదు. సాయంత్రానికి అయింది. వాగు వైపు గళ్లలో నలుపు-ఎరుపు పెంకులు ఎక్కువ, ఊరి వైపు గళ్లలో మందపాటి మామూలు పెంకులు, ఒక మూల రెండు గళ్లలోనే ఇనుప చిట్టెం. అంటే కొలిమి అక్కడ ఉండి ఉండవచ్చు. అన్నీ ఒకే గోతంలో పోసి ఉంటే అది వట్టి చెత్త. గడి నంబరు ఉంటేనే ఊరు. మాకు ట్రైనింగ్ కాలేజీలో రెండేళ్లలో ఎక్కని పాఠం ఆ ఒక్క పూటలో ఎక్కింది.

సోమవారం పొక్లెయిన్ వచ్చింది. మూడు వంతులు ఆ రోజే పోయింది. బకెట్టు ఆగినచోట, కోసిన గోడలాంటి మట్టిలో, పొరలు కనపడ్డాయి. ఎరుపు, బూడిద, నలుపు, మళ్లీ ఎరుపు. అప్పుడే ట్రాక్టరు ఒకటి చెడిపోయి పని రెండు రోజులు ఆగింది. కాంట్రాక్టరు మంచితనం ఏమీ లేదు, అట్లాగని అడ్డమూ చెప్పలేదు. బకెట్టు సాపు చేసిన చోట పిల్లలు నిలబడి చూస్తుంటే ఆ పెంకు పిల్లే మొదట చూసింది. ఎర్ర నేలలో నల్ల బొట్లు. ఏడు. వంపు తిరిగి ఉన్నాయి. వృత్తంలో మిగిలిన సగం బకెట్టు తీసుకుపోయింది. ఒక పక్కన బూడిద, కాలిన మట్టి ముద్దలు, అరిగిన నూరుడు రాయి సగం ముక్క. స్కేలు పక్కన పెట్టి ఫోన్లో ఫొటోలు తీశాం. దారంతో కొలిచి నోటుపుస్తకంలో గీశాం. లెక్చరర్ గారికి పంపితే, “ఇల్లు కావచ్చు. మూడు వందల ఏళ్లదో మూడు వేల ఏళ్లదో తవ్వి, పొర చూసి, బొగ్గు పరీక్షకు పంపితే తప్ప చెప్పలేను” అన్నారు. బొగ్గు పరీక్షకు పంపడానికి ఎవరూ రాలేదు. బుధవారం మధ్యాహ్నానికి అదీ చదునైంది.

ఇప్పుడు అక్కడ రాళ్లు పాతి ఉన్నాయి. పందొమ్మిది ఇళ్లు పునాదులు దాటాయి, ఆరింటికి శ్లాబు పడింది. పెంకు పిల్ల వాళ్లది ఏడోది. మొన్న వైశాఖంలో గృహప్రవేశానికి పిలిస్తే హాస్టల్ అంతా వెళ్లి పరవాన్నం తిని వచ్చాం. ఆ రాత్రి పెద్ద గాలివాన కురిసింది. వాళ్లు మొదటిసారి వాగు చప్పుడు వింటూ నిద్రపోయారట, లేచి కూర్చోకుండా. మేము మనస్ఫూర్తిగా సంతోషించాం. ఆ ఏడు బొట్లు పోయినందుకు బాధ కూడా ఉంది. రెండూ ఒకే మనసులో ఉంటున్నాయి, ఏం చేస్తాం.

సంఘం పెద్దలను మేము అడిగేది పెద్ద కోరిక కాదు. మన జిల్లాల్లో ఇన్ని హాస్టళ్లు ఉన్నాయి, ఇన్ని తాండాలు, కాలనీలు. ఒక్కో చోట పాటిదిబ్బ ఎక్కడుంది, రాక్షసి గుళ్లు అని పిలిచే పాత సమాధి రాళ్లు ఎక్కడున్నాయి, సర్వే నంబరు ఎంత, పెద్దవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు, రాసి పెట్టండి. బయట అతికించకండి, లంకెబిందెల వాళ్లు చదువుతారు. సంఘం దగ్గర ఒక పుస్తకంలో ఉంచండి. ఎక్కడైనా లేఅవుట్ మాట వినపడితే ఆ పేజీ పట్టుకొని, మనవాళ్లకు ఇల్లు కావాలి, దానికి ముందు చూసేవాళ్లను ఫలానా తేదీలోగా పంపండి అని ఒకే కాగితం మీద రెండూ కలిపి అడగండి. విడివిడిగా అడిగితే ఒకదానితో ఒకటి కొట్టిస్తారు.

నూట పన్నెండు కవర్లు మా స్టోరు రూములో మెట్ల కింద ఉన్నాయి. కందిపప్పు బస్తాల వెనక. ఎలుకలు రెండు కవర్లు కొరికాయి కాబట్టి ఇప్పుడు ఇనప ట్రంకులోకి మార్చాం. గడి నంబర్లు, నోటుపుస్తకం, ఫొటోలు అన్నీ ఉన్నాయి. జాబితా రాసి, తీసుకెళ్లమని మళ్లీ ఉత్తరం పెట్టాం. ఈ సభకు బయల్దేరే ముందు రోజు ఆ పిల్ల వచ్చి, “మేడమ్, ఏడో బొట్టు కొలత ఆరో దాని పక్కన రాయడం మర్చిపోయాం, మా దగ్గర దారం ముక్క ఉంది, అది ఇరవై రెండు అంగుళాలు” అని చెప్పింది. దారం ఇన్నాళ్లూ పెన్సిలు పెట్టెలో దాచుకుంది. అది కూడా ఎక్కించి వచ్చాం.